లైబ్రరీ దయ్యం ఏం చదువుతుంది?

మంచిర్యాల నుంచి ఆ మధ్య నాకొక ఉత్తరం వచ్చింది. రూళ్ళ కాగితం మీద రెండు వైపులా, మార్జిన్ కూడా వదలకుండా రాసిన ఉత్తరం. అలాంటివి వచ్చి చాలా కాలమైంది కనుక, పక్కన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చదివాను. మొదటి పేజీ అంతా పొగడ్తే. పేజీ తిప్పాక గానీ అర్థం కాలేదు, అదంతా మొట్టికాయ వేసేముందు తల నిమరడమని.

“అక్కా, మా పెద్దబిడ్డ కరీంనగర్ల ఎమ్మే సదువుతున్నది. హాస్టల్ల ఉంటది. పొద్దుమీకినంక లైబ్రరీల కూసోని గ్రూప్ పరీక్షలకు సదువుకుంటది. గిప్పుడు ఆ లైబ్రరీల దయ్యమున్నదంటున్నరు. తెల్ల చున్నీ ఏసుకున్న పిల్లనట. ఎన్క బీరువాల కాడ తిరుగుతదట. కుర్చీలు జరుగుతయట. ఎవ్వలు లేకున్నా పేజీలు తిరుగుతయట. మా ఆయన బిడ్డను ఇంటికి తోల్కరమ్మంటున్నడు, సంబంధాలు సూద్దామంటున్నడు. నాకేమో సదివియ్యాలని ఉన్నది. మీ సీరియల్ల గూడ గసొంటి దయ్యమే ఉండె గద. మీకు తెలిసే రాసిండ్రా, ఊకెనే రాసిండ్రా? నిజం చెప్పుండ్రి.”

తెలిసే రాసిండ్రా, ఊకెనే రాసిండ్రా! పద్ధెనిమిదేళ్లుగా నవలలు రాస్తున్నాను. ఇంత సూటి విమర్శ ఏ సాహిత్య సభలోనూ నాకు ఎదురు కాలేదు సుమండీ.

ఊకెనే రాశాను. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. అంటే, ఉంది గానీ ఒప్పుకుంటున్నాను. ఆ సీరియల్లో కథానాయిక రాత్రిపూట రీడింగ్ రూములో ఒంటరిగా చదువుకుంటూ ఉంటుంది. కథానాయకుడు బయట వరండాలో నిలబడి ఉంటాడు. ఎనిమిది వారాలుగా వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం తప్ప ఏమీ చేయలేదు. సస్పెన్స్ తగ్గుతోందని పత్రికవారు అన్నారు. శ్రద్ధగా చదువుకుంటున్న పిల్ల పుస్తకం మూసి వరండాలోకి ఎందుకు వస్తుంది? నాకు కారణం తోచలేదు. అందుకని బీరువాల వెనకనుంచి తెల్లచీర కట్టుకున్న ఒకావిడను పంపించాను. పిల్ల కెవ్వుమంది, పరుగెత్తింది, వెళ్లి ఎక్కడ పడాలో అక్కడే పడింది. ఆ వారం ఉత్తరాలు బాగా వచ్చాయి. ఆ తెల్లచీరావిడ ఎవరో, ఎందుకొచ్చిందో, మళ్లీ ఎటు పోయిందో నేను రాయలేదు. పాఠకులూ అడగలేదు, మంచిర్యాల చెల్లెలు అడిగేదాకా.

నా తరంలో దయ్యాలకు కొదవలేదు. జగిత్యాలలో మా ఇంటి వెనక సందులో అద్దె పుస్తకాల షాపు ఉండేది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, అట్టవేసిన బైండులు రోజుకింతని అద్దెకిచ్చేవాడు. అందులో ఏది ముట్టుకున్నా పుర్రె, నిమ్మకాయ, సూదులు గుచ్చిన బొమ్మ. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి ఎంత సంచలనం చేసిందో మా అమ్మ కథలు కథలుగా చెప్పేది. ఇలాంటివి మూఢనమ్మకాలకు ఎరువు వేస్తాయని కోపగించి రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని విమర్శ రాశారు. మా అమ్మ రెండూ చదివింది. మొదటిది రాత్రి, రెండోది పగలు. ఆ చర్చంతా నమ్మకం గురించి. నేను ఆర్ట్స్ విద్యార్థిని, దయ్యాలున్నాయా లేవా అని తేల్చే చదువు నాది కాదు. నాకు తెలిసిన పరీక్ష ఒకటే, ఏ పాత్రకైనా పెట్టేది. ఈ మనిషికి ఏం కావాలి? ఆ ప్రశ్న దయ్యాన్ని ఎందుకు అడగకూడదు? అందునా లైబ్రరీలో కాపురం పెట్టిన దయ్యాన్ని!

సరే, ఈ వంకన ఒక నెల రోజులు లైబ్రరీ దయ్యాల వెంట పడ్డాను.

ఈ జాతి కథలకు పెద్దబాలశిక్ష లాంటి కథ ఒకటుంది. రాసినాయన ఎం. ఆర్. జేమ్స్. కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీకి పెద్ద. పగలంతా కాలేజీల్లోని పాత రాతప్రతులకు కేటలాగులు తయారుచేసేవాడు, క్రిస్మస్ రాత్రుల్లో స్నేహితులకు తను రాసిన దయ్యాల కథలు చదివి వినిపించేవాడు. 1911లో వచ్చిన ఆయన సంపుటంలో ‘ది ట్రాక్టేట్ మిడాత్’ అనే కథ సాక్షాత్తు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నడుస్తుంది. ఎల్డ్రెడ్ అనే పెద్దమనిషి వచ్చి ఒక పాత హీబ్రూ పుస్తకం కావాలంటాడు. తెచ్చివ్వడానికి వెళ్లిన కుర్ర ఉద్యోగికి అక్కడ నల్లటి అంగీలో ఒక ముసలి ఫాదరీ కనబడతాడు. రెండోసారి చూసేసరికి ఆ బట్టతల నిండా దుమ్ము, కళ్ల మీద సాలెగూడు. కుర్రవాడు మూర్ఛపోతాడు.

ఇక్కడిదాకా నా సీరియల్లాగే ఉంది కదూ? తేడా ఇక్కడినుంచి చూడండి. విశ్రాంతి కోసం సముద్రం ఒడ్డున ఒక ఊరు వెళ్లిన ఆ కుర్రవాడు, అద్దెకు గదులిచ్చుకుని బతుకుతున్న ఒకావిడ ఇంట దిగుతాడు. ఆవిడకో పెళ్లీడు కూతురు. ఆవిడ మేనమామ ఒక పిచ్చి పండితుడు. ఆస్తి ముందు ఎల్డ్రెడ్ పేర రాసి, తర్వాత మనసు మార్చుకుని మేనకోడలి పేర రెండో వీలునామా రాశాడు. రాసి ఊరుకోక, దాన్ని ఎక్కడో దాచి, ఆవిడకు కొన్ని అంకెలు మాత్రం ఇచ్చి చచ్చిపోయాడు. ఆ అంకెలేమిటో ఆవిడకు ఇన్నేళ్లుగా తెలియలేదు. లైబ్రరీ కుర్రవాడికి చూడగానే తెలిసింది. అది పుస్తకం వీపు మీద అంటించే నంబరు! చిట్టచివరికి ఆ పుస్తకం ఎల్డ్రెడ్ చేతికి వెళ్లడం, అతను దారిలోనే దాన్ని తెరిచి కాగితం చించబోవడం, వెనకనుంచి నల్లటి ఆకారం లేవడం, అదంతా మీరు చదువుకుని భయపడవలసిందే. నేను చెప్పేది ఒక్కటే. ఆ దయ్యానికి పని ఉంది. ఆ బీరువా దగ్గరే ఎందుకు తిరుగుతున్నదంటే, ఆ బీరువాలోనే ఒక ఆడదాని ఆస్తి ఉంది. దయ్యాన్ని తీసేస్తే కథ కూలిపోతుంది. నా సీరియల్లో తెల్లచీరావిడను తీసేసి ఒక బల్లిని పెట్టినా పని జరిగిపోయేది.

జేమ్స్ ది కల్పన. నిజంగా దయ్యముందని జనం చెప్పుకునే లైబ్రరీ ఐర్లండులో ఉంది. డబ్లిన్ నగరంలో మార్ష్ లైబ్రరీ అని, 1707 నాటిది. అక్కడి చీకటి ఓక్ బీరువాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. విలువైన పుస్తకం చదువుకుంటానన్నవాళ్లను పుస్తకంతో సహా లోపల పెట్టి తాళం వేసే జాలీ గదులు కూడా ఉన్నాయి! ‘డ్రాక్యులా’ రాసిన బ్రామ్ స్టోకర్ ట్రినిటీ కాలేజీలో చదివే రోజుల్లో, 1866లో, అక్కడికి వచ్చి చదువుకున్నాడు. ఆ లైబ్రరీ పెట్టిన నార్సిసస్ మార్ష్ ఆర్చిబిషప్పు, అంతకుముందు ట్రినిటీ కాలేజీకే పెద్ద. బ్రహ్మచారి. ఇల్లు చూసుకోవడానికి గ్రేస్ అనే అన్నకూతుర్నో అక్కకూతుర్నో తెచ్చిపెట్టుకున్నాడు; ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట కనుక మనకు తెలియదు. పంతొమ్మిదేళ్ల పిల్ల. బిషప్పుగారి ఇంట్లో ఆ పిల్లకు ఏం తోస్తుంది చెప్పండి? 1695లో ఒక సాయంత్రం ఆమె ఒక ఫాదరీతో లేచిపోయి పెళ్లి చేసుకుంది. వెళుతూ వెళుతూ క్షమించమని చీటీ రాసి చిన్నాయన పుస్తకాల్లో ఒకదాంట్లో పెట్టిందనీ, ఆయనకు అది దొరకలేదనీ, అందుకే రాత్రుళ్లు వచ్చి ఒక్కొక్క పుస్తకం తీసి పేజీలు తిప్పుకుంటాడనీ కథ.

ఈ కథ చదివి నేను చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూచున్నాను. హీబ్రూ, అరబ్బీ సైతం చదవగల మహాపండితుడు, ఇంట్లో పిల్ల రాసిన నాలుగు పంక్తుల చీటీ మాత్రం చదవలేకపోయాడు. ఊరూ పేరూ ఉన్న దయ్యం, పని ఉన్న దయ్యం, పైగా జాలిపడవలసిన దయ్యం. ఇంకొకటి గమనించారా? డబ్లిన్ కథలో గడప దాటిన పిల్ల దయ్యం కాలేదు. ఆమె నిక్షేపంలా కాపురం చేసుకుంది. కాపలా కాసిన పెద్దమనిషి దయ్యమయ్యాడు. మన దగ్గర కాపలాదారులకు ఏమీ కాదు, చదువుకున్న పిల్లే తెల్ల చున్నీ వేసుకుని బీరువాల వెనక తిరుగుతుంది.

ఇక మన దేశానికొస్తే, పేరుమోసిన లైబ్రరీ దయ్యం కలకత్తాలో ఉంది. అలీపూర్‌లో బెల్వెడేర్ భవనం ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ల నివాసం. 1953 నుంచి నేషనల్ లైబ్రరీ అందులో నడిచింది. అక్కడ లేడీ మెట్కాఫ్ అనే దొరసాని తిరుగుతుందనీ, తీసిన పుస్తకం తీసినచోట పెట్టకపోతే మెడ మీద ఊపిరి తగులుతుందనీ చెప్పుకుంటారు. చచ్చినా ఇల్లు సర్దడం తప్పలేదన్నమాట పాపం! 2010లో ఆ భవనం కింది అంతస్తులో తలుపూ కిటికీ లేని ఒక గది ఉన్నట్టు పురావస్తు శాఖవారు కనిపెట్టారు. దాదాపు వెయ్యి చదరపు అడుగులు. ఇంకేముంది, నిధి అన్నారు, చిత్రహింసల కొట్టు అన్నారు, దొరసాని పడకగది అన్నారు. తీరా మరుసటి ఏడాది తేలింది ఏమిటయ్యా అంటే మన్ను! పునాది గట్టిగా ఉండాలని నింపిన మన్ను.

ఆ దొరసాని ఏ మెట్కాఫ్ భార్యో కథ చెప్పేవాళ్లు తేల్చుకోలేదు. ఎక్కువమంది గవర్నర్ జనరల్‌గా పనిచేసిన ఛార్లెస్ మెట్కాఫ్ పేరే చెబుతారు. కలకత్తాలో మెట్కాఫ్ హాలు ఆయన పేరిటిదే. చిక్కేమిటంటే, ఆయనకు చట్టరీత్యా పెళ్లే కాలేదు. ముగ్గురు కొడుకులను కన్నది ఒక సిక్కు వనిత. ఆమెను ఎవరూ లేడీ మెట్కాఫ్ అని పిలవలేదు, దయ్యంగానైనా సరే లైబ్రరీలోకి రానివ్వలేదు. లేని భార్యకు మాత్రం రెండు వందల ఏళ్లుగా ఉద్యోగం. అన్నట్టు ఈ మెట్కాఫ్ 1820 నుంచి 1825 దాకా మన హైదరాబాదులోనే రెసిడెంటు. ఆయన ఉన్న కోఠీ రెసిడెన్సీయే 1949 నుంచి ఉస్మానియా మహిళా కళాశాల. 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ఆ రాజప్రాసాదం కట్టించిన కర్క్‌పాట్రిక్‌నీ, ఆయన ప్రేమించి పెళ్లాడిన ఖైరున్నీసానీ తలుచుకుంటూ అక్కడ చదువుకున్న నా స్నేహితురాళ్లు ఎన్ని రాత్రులు కబుర్లు చెప్పుకున్నారో! అవన్నీ ప్రేమకబుర్లే. పరదాలో ఉన్న బేగం చూసుకోవడానికని ఆ భవనానికి బొమ్మరిల్లులాంటి నమూనా తోటలో కట్టించాడని వాళ్లు నాకు చెబుతుంటే, భయం మాట అటుంచి, అసూయ వేసేది.

ఇన్ని దేశాలు తిరిగి, చివరికి మా గోదావరి ఒడ్డుకే వచ్చాను. మాకు లైబ్రరీ దయ్యం లేదనుకోకండి. చదివిన చదువు ఎవరికీ చెప్పకుండా చచ్చిన పండితుడు బ్రహ్మరాక్షసుడై రావిచెట్టు మీద కూచుంటాడని మా నాయనమ్మ చెప్పేది. అంటే చదువు దాచుకోవడం పాపం, చదువుకోవడం కాదు. అంతకంటే గొప్పది గుణాఢ్యుడి కథ. శాతవాహన రాజు రాణులతో జలక్రీడలాడుతూ ఉంటే, నీళ్లు చల్లకండి అని ఒక రాణి సంస్కృతంలో అందట. సంధి విడదీయడం రాని రాజుకు అది మిఠాయిలు అడిగినట్టు వినబడి, తెప్పించాడట! రాణి నవ్వింది. ఆ నవ్వుకు సిగ్గుపడి రాజు సంస్కృతం నేర్చుకోవాలనుకున్నాడు. ఆరేళ్లు పడుతుందని గుణాఢ్యుడూ, ఆరు నెలలు చాలునని మరో పండితుడూ పందెం వేసుకున్నారు. గుణాఢ్యుడు ఓడిపోయి, పందెం ప్రకారం సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసి అడవి పట్టాడు. ఆ అడవిలో కాణభూతి అనే పిశాచం ఆయనకు కథలు చెప్పింది. మనుషుల భాషలన్నీ వదులుకున్నాడు గనుక పైశాచీ భాషలోనే, సిరా లేక తన నెత్తురుతోనే, ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. దయ్యాల భాషలో నెత్తుటి రాతలా అని రాజు ఛీకొడితే, కొండమీద మంట పెట్టి, ఒక్కొక్క పత్రం జంతువులకు చదివి వినిపించి మంటలో వేశాడు. మేత మానేసి వింటున్న లేళ్లు చిక్కిపోయాయి, రాజుగారి వంటింట్లో మాంసం ఎండిపోయింది. రాజు కారణం తెలుసుకుని పరుగెత్తుకొచ్చేసరికి మిగిలింది ఒక లక్ష.

11వ శతాబ్దంలో కాశ్మీరులో సోమదేవుడు కథాసరిత్సాగరంలో ఇదంతా చెప్పాడు. కథలో రాజధాని ఎగువన ప్రతిష్ఠానం. కానీ పాత కరీంనగర్ జిల్లాలో గోదావరి ఒడ్డునే ఉన్న కోటిలింగాలలో శాతవాహనుల తొలి రాజు చిముకుడి నాణేలు దొరికాయి. కరీంనగర్ విశ్వవిద్యాలయానికి 2008లో పెట్టిన పేరూ శాతవాహనే. కనుక గుణాఢ్యుడి మీద మాకూ కాస్త హక్కుందని నా వాదన. ఆ కథలో పిశాచం ఎవర్నీ పుస్తకం దగ్గరనుంచి తరిమేయలేదు. తనే పుస్తకం ఇచ్చింది. పుస్తకాన్ని చూసి ముక్కు మూసుకున్నది రాజు.

మా ప్రాంతంలో ఈ మాటల్ని ఉత్త కబుర్లని వదిలేయడానికీ లేదు. 2022 జనవరిలో మా జగిత్యాలలోనే మంత్రాలు చేస్తున్నారన్న అనుమానం మీద ఒక తండ్రినీ, ఇద్దరు కొడుకులనూ చంపేశారు. దయ్యాన్ని వారం వారం అమ్ముకున్న నాలాంటివాళ్లు ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టి ఊరుకోవడం కష్టం. ఒకప్పుడు నిజాం రాజ్యంలో లైబ్రరీ అంటేనే సర్కారుకు అనుమానం. నలుగురు కూచుని తెలుగు పత్రిక చదివితే బయట పోలీసు నిలబడేవాడు. అప్పటి లైబ్రరీ దయ్యం అదీ. దాన్ని లెక్కచేయకుండా హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్ర భాషానిలయం పెట్టారు. 1935లో సిరిసిల్లలో ఆంధ్రమహాసభ జరుపుకున్నారు. వాళ్ల మనవరాళ్లు తెల్ల చున్నీకి జడిసి ఆరింటికి హాస్టలుకు పోవడమా?

శివరాత్రి వెళ్లి వేములవాడ బస్సుల రద్దీ తగ్గాక కరీంనగర్ వెళ్లాను. మంచిర్యాల చెల్లెలు బస్టాండులోనే కలిసింది. చేతిసంచీలో సర్వపిండి, కూతురికి రెండు జతల బట్టలు. దారిపొడుగునా బిడ్డ గురించే. బాసరలో అక్షరాభ్యాసం చేయించిందట, అమ్మవారి పసుపు నాలుక మీద వేస్తే చేదన్నా ఉమ్మలేదట. “గసొంటి పిల్లకు దయ్యం సోకుతదా అక్కా?” అని నన్నే అడిగింది. నేనేం చెప్పను, నేను సీరియల్ రాసినదాన్ని.

లైబ్రేరియన్ గారు మంచివారు, ఒక పూటకు అనుమతి ఇచ్చారు. గుమ్మం దగ్గర రిజిస్టరు వేసుకుని కూచున్న అటెండరును దయ్యం సంగతి అడిగాను.

“ఇర్వై రెండేండ్ల సంది జేస్తున్న మేడం. గిండ్ల ఎవ్వలు సావలే. ఎన్కట ఆరింటికే తాళమేస్తుంటిమి. పరీక్షలున్నయని పిల్లలు అడిగితె తొమ్మిదింటిదాంక జేసిండ్రు. గది జేసినంక నెల్లాళ్లకే గీ దయ్యమొచ్చింది. ఆరింటి ముందట రాదు, గదేందో!”

చచ్చిపోయిన పిల్ల పేరేమిటి, ఏ ఊరు, ఏం చదివేది? నలుగురైదుగురిని అడిగాను. ఎవరికీ తెలియదు. ఫలానావాళ్లు చూశారట అనేవాళ్లే గాని చూశామన్నవాళ్లు లేరు. నా సీరియల్లో తెల్లచీరావిడకూ పేరు లేదు. పేరు పెడితే ఆమెకొక ఊరుండాలి, అమ్మానాన్నా ఉండాలి, ఎందుకు చచ్చిపోయిందో చెప్పాలి. అంత ఓపిక నాకు లేకపోయింది.

రిజిస్టరు తిప్పి చూశాను. దసరాకు ముందు పేజీల్లో సాయంత్రం ఆరు దాటాక పదకొండు, పద్నాలుగు మంది ఆడపిల్లల సంతకాలు. సంక్రాంతి తర్వాత నాలుగు, మూడు. ముందురోజు ఒక్కటే. మా చెల్లెలు ఆ సంతకం మీద వేలు పెట్టి, “మా పిల్లదే” అంది.

పిల్ల లోపల వెనక బీరువాల దగ్గరే, ఆ దయ్యం జాగాలోనే కూచుని ఉంది. తలెత్తి మమ్మల్ని చూసి నవ్వి, రాసుకుంటున్న వాక్యం పూర్తిచేసి మరీ లేచింది. పైన పాత ఫ్యాను ఒకటి ఊగుతూ తిరుగుతోంది. ఖాళీ బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం పేజీలు దానంతటవే తిరుగుతూ ఉంటే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. నేను ఫ్యాను కేసి చూపించాను. ఇంగ్లండులో కావెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరుకు లాబొరేటరీలో రాత్రిపూట చలీ, గుబులూ, పక్కన బూడిదరంగు ఆకారమూ కనిపించేవట. వెతికితే, కొత్తగా బిగించిన ఫ్యాను చెవికి అందని మోత, సెకనుకు 19 కంపనాలు, చేస్తోందని తేలింది. ఫ్యాను సంగతి చూడగానే ఆకారం మాయం. 1998లో వ్యాసం కూడా రాశాడు. తర్వాత పరీక్షించినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదనుకోండి. ఈ ముచ్చట పిల్లకు గొప్పగా చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

“దయ్యమంటె నాకు భయం లేదు మేడం. ఇండ్ల దయ్యమున్నదని మా నాయినకు ఫోన్ జేసినోళ్లున్నరు గద, గాళ్లంటెనే భయం. ఎవ్వలో తెల్వది. నేను ఏడ కూసుంటనో, ఎన్నింటికి పోతనో అన్నీ జెప్పిండ్రట.”

నాకు నోట మాట రాలేదు. జేమ్స్ లేడు, మార్ష్ లేడు, గుణాఢ్యుడు లేడు. వాళ్లమ్మ మాత్రం సంచీలోంచి సర్వపిండి తీయబోయి, లైబ్రరీలో తినకూడదని గోడమీద రాసింది చూసి మళ్లీ లోపల పెట్టింది. “మీ నాయినతోని నేను మాట్లాడుత తీయ్. నెలకు రెండుమాట్లు నేనే అస్త. నీ పక్కన్నే కూసుంట,” అంది. ఆయన ఒప్పుకుంటాడో లేదో ఆమె గొంతులో నాకు తెలియలేదు.

ఆరు కావస్తుండగా అటెండరు రిజిస్టరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పేరు కూడబలుక్కుని రాసింది. వచ్చిన పని అన్న గడిలో ‘బిడ్డకు తోడు’ అని రాసింది.

“గట్ల నడువదమ్మా, సార్లు అడుగుతరు,” అన్నాడతను. “సదువుకునేతందుకు అని రాయిండ్రి.”

ఆమె ఆ మాట కొట్టేసి, పక్కన ‘చదువుకొనుటకు’ అని రాసి, కలం మూత పెట్టి, నా వైపు తిరిగింది.

“అయితె అక్కా, గా చీటీ దొరకని ముసలాయన కథ తెలుగుల ఉన్నదా?”